తీసివేతలో తేలే వాయువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బంకమట్టి ఖనిజాల మీద, షేల్ రాళ్ల (బురద గట్టిపడి ఏర్పడ్డ పొరల రాళ్ల) మీద వాయువు ఎంత పట్టుకుంటుందో కొలిచే పని గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాం. ఒకే ప్రశ్నను ఇద్దరు ముగ్గురు అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర తీసిన తెల్లమట్టికి నైట్రోజన్ పద్ధతిలో ఉపరితల వైశాల్యం కొలిపించాను. మొదటిసారి గ్రాముకు 17 చదరపు మీటర్లు వచ్చింది. అదే సీసాలోని మట్టిని నెల తర్వాత మళ్లీ ఇస్తే 12 వచ్చింది. మట్టి అదే, మిషనూ అదే. దేన్ని నమ్మాలి?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, రాజాం

జవాబు: ఇప్పటికి రెండింటినీ పక్కన పెట్టండి. మిషను మట్టి వైశాల్యాన్ని నేరుగా చూడదు. ట్యూబులోకి ఎంత నైట్రోజన్ పంపిందో దానికి తెలుసు. ఖాళీ జాగాలో ఎంత మిగిలిందో పీడనాన్ని బట్టి లెక్క కడుతుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందే మట్టిని అంటుకున్న వాయువు. తీసివేసే రెండు సంఖ్యలూ పెద్దవై, మిగిలేది చిన్నదైతే, ఎక్కడ పొరపాటు జరిగినా భారమంతా ఆ చిన్న సంఖ్య మీదే పడుతుంది. ఈ శీర్షికలోని సగం ప్రశ్నలకు మూలం ఇదే.

మీ మట్టినే తీసుకోండి. ట్యూబులో 0.1 గ్రాము వేశారనుకుందాం. లోపలున్న మొత్తం వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు. ఒక్కో నైట్రోజన్ అణువు 0.162 చదరపు నానోమీటర్లు ఆక్రమిస్తుందన్న లెక్కన, ప్రమాణ స్థితిలోని ఒక సీసీ వాయువు 4.35 చదరపు మీటర్లను కప్పుతుంది. అంటే మీ మట్టి మీద ఒక పొర పరచడానికి 0.35 సీసీ చాలు. అంత చిన్న మొత్తాన్ని మామూలు మిషను నిక్కచ్చిగా పట్టుకోలేదు. ఇలాంటి మట్టికి గ్రాముకు తగ్గకుండా వేయమనండి. ట్యూబులో మొత్తం 10 నుంచి 20 చదరపు మీటర్లు ఉంటే అంకె నిలకడగా ఉంటుంది.

ఇంకో అనుమానం, మా దృష్టిలో ఇదే పెద్దది. మన వైపు తెల్లమట్టి ఎక్కువగా కొండరాళ్లు మురిగి వచ్చిందే. రాతిలోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం కేయోలినైట్ అనే బంకమట్టిగా మారినా క్వార్ట్జ్ రవ్వ మాత్రం అలాగే ఉండిపోతుంది. చిటికెడు మట్టిని ముందు పళ్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కితే కరకరమంటుంది, అదే ఆ రవ్వ. దాని వైశాల్యం దాదాపు సున్నా. సీసా కదిలినప్పుడల్లా సన్నపొడి ఒకచోట, రవ్వ ఒకచోట చేరతాయి. పైనుంచి చెంచాతో తీస్తే ఒక లెక్క, అడుగు నుంచి తీస్తే ఇంకో లెక్క. సీసా మొత్తాన్ని కాగితం మీద కుప్పగా పోసి, చదును చేసి, నాలుగు భాగాలుగా కోయండి. ఎదురెదురు భాగాలు రెండింటిని ఉంచుకుని, మిగతా రెండు పక్కన పెట్టండి. కావలసినంత మిగిలేదాకా ఇదే పద్ధతి. మట్టి ఖనిజం వైశాల్యమే మీకు కావాలంటే నీళ్లలో కలిపి, తేరనిచ్చి, 2 మైక్రాన్ల లోపు భాగాన్ని వేరు చేసి కొలవాలి.

ఇక డీగ్యాసింగ్, అంటే కొలతకు ముందు మట్టిలోని తడిని, గాలిని లాగేయడం. ఖాళీ ట్యూబును, లోపల పెట్టే గాజు కడ్డీని, మూతను కలిపి తూచండి. మట్టి వేసి, వాక్యూమ్‌ను మొదట చాలా నెమ్మదిగా పెట్టండి. ఒక్కసారిగా వాల్వు తెరిస్తే తడి ఆవిరి ఎగదన్ని, సన్నపొడి లేచి వాల్వు సీటులో కూర్చుంటుంది. ఆ తర్వాత ఆ వాల్వు ఎప్పటికీ సరిగా మూసుకోదు. 110 డిగ్రీల దగ్గర కనీసం 12 గంటలు ఉంచండి. అయిందో లేదో గడియారాన్ని బట్టి కాదు, పీడనాన్ని బట్టి తేల్చుకోవాలి. పంపు వైపు వాల్వు మూసి పది నిమిషాలు చూడండి. పీడనం పెరుగుతూ ఉంటే మట్టి ఇంకా తడి వదులుతోందని అర్థం.

చల్లారాక నైట్రోజన్ నింపి మళ్లీ తూచండి. లెక్కలో వేయాల్సిన బరువు ఇదే, ముందు తూచినది కాదు. కొన్ని ల్యాబుల్లో చివర హీలియం నింపుతారు. 20 సీసీల ట్యూబులో గాలికి బదులు హీలియం ఉంటే తూకం 20 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుంది. అర గ్రాము మట్టికి అది 4 శాతం తప్పు. నైట్రోజన్ అయితే ఆ తేడా ఒక మిల్లీగ్రాముకు లోపే.

ప్రశ్న: మాంట్‌మొరిల్లొనైట్ ఉపరితల వైశాల్యం గ్రాముకు 750 చదరపు మీటర్లని పుస్తకంలో ఉంది. బీఈటీ (నైట్రోజన్‌తో వైశాల్యం కట్టే పద్ధతి) రిపోర్టు 30 చూపిస్తోంది. ఇరవై అయిదు రెట్ల తేడా ఎలా?
— లెక్చరర్, విజయనగరం

జవాబు: రెండూ సరైనవే. రెండూ ఒకే వైశాల్యాన్ని చెప్పడం లేదు, అంతే. మాంట్‌మొరిల్లొనైట్ అంటే 0.96 నానోమీటర్ల మందం ఉన్న రేకుల దొంతర. తమలపాకుల కట్టను ఊహించుకోండి. తడిగా ఉన్నప్పుడు ఆకుకూ ఆకుకూ మధ్య నీటి పొర ఉంటుంది. ఒక పొర నీరు ఉంటే రేకు నుంచి రేకుకు దూరం దాదాపు 1.25 నానోమీటర్లు, రెండు పొరలుంటే 1.5. వాక్యూమ్‌లో వేడి చేయగానే ఆ నీరు పోయి, రేకులు ఒకదానికొకటి అతుక్కుని దూరం ఒక నానోమీటరు లోపుకు పడిపోతుంది. 0.36 నానోమీటర్ల నైట్రోజన్ అణువుకు లోపల దారి ఉండదు. కట్ట అంచులను, పై ఆకును, కింది ఆకును మాత్రమే తడుముతుంది. మీ 30 అదే. 750 అనేది ప్రతి ఆకుకూ రెండు వైపులా కలిపి వేసిన లెక్క.

లోపలి వైశాల్యం కావాలంటే రేకుల మధ్యకు దూరగల ధ్రువ అణువు వాడాలి. ఇథిలీన్ గ్లైకాల్ మోనోఇథైల్ ఈథర్ పద్ధతి పాతదైనా ఖర్చు తక్కువ, వాక్యూమ్ డెసికేటరూ మంచి తక్కెడా ఉంటే చాలు. మట్టిని కాల్షియంతో సంతృప్తం చేసి, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ మీద బరువు నిలిచేదాకా ఆరబెట్టండి. ద్రవంతో తడిపి, వాక్యూమ్ డెసికేటర్లో ఉంచి, బరువు నిలకడకు వచ్చేదాకా తూస్తూ ఉండండి. చదరపు మీటరుకు 0.000286 గ్రాముల ద్రవం నిలుస్తుందని లెక్క. 750 ఉన్న మట్టి గ్రాముకు 0.21 గ్రాములు పట్టుకోవాలి. ఈ ద్రవం చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, సంతాన సామర్థ్యానికి హాని చేస్తుంది. ఫ్యూమ్ హుడ్, గ్లవ్స్ లేకుండా విద్యార్థుల చేతికి ఇవ్వకండి.

రిపోర్టులో రేకుల మధ్య ఉన్న అయాన్ ఏమిటో కూడా రాయండి. సోడియం బదులు సీజియం లాంటి పెద్ద అయాన్ ఉంటే అది గుంజలా నిలబడి రేకులను పూర్తిగా మూసుకోనివ్వదు. అప్పుడు నైట్రోజన్ అంకె కూడా పెరుగుతుంది. మట్టి అదే అయినా జవాబు మారుతుంది.

ప్రశ్న: పదో తరగతి పిల్లలకు శోషణం, అధిశోషణం తేడా చూపించే ప్రయోగం చెప్పండి.
— ఉపాధ్యాయుడు, నరసన్నపేట

జవాబు: సుద్దముక్కను సిరాలో ముంచి, ఆరనిచ్చి, మధ్యలో విరవండి. నీరు లోపలి దాకా ఇంకింది, అది శోషణం. రంగు మాత్రం ఎక్కువగా పైపొరనే పట్టుకుని ఉంది, అది అధిశోషణం. వాయువుతో కూడా జరిగేది ఇదే, కాకపోతే కంటికి కనబడదు. చల్లబడేకొద్దీ ఎక్కువగా అంటుకుంటుంది, వేడి చేస్తే వదిలేస్తుంది. నైట్రోజన్ కొలతను మైనస్ 196 డిగ్రీల దగ్గర చేయడానికి కారణం ఇదే.

ప్రశ్న: షేల్ మీద మీథేన్ కొలవడానికి స్టీలు సెల్‌లతో సొంతంగా సెటప్ చేసుకున్నాం. 35 డిగ్రీల దగ్గర 5 మెగాపాస్కల్ దాకా అధిశోషణం పెరిగింది. తర్వాత తగ్గుతూ వచ్చి 10 మెగాపాస్కల్ దగ్గర సున్నా కిందికి పోయింది. రాయి వాయువును వెళ్లగొడుతోందా?
— పరిశోధక విద్యార్థులు, ఎచ్చెర్ల

జవాబు: రాయి వెళ్లగొట్టడం లేదు. మీ తీసివేతలో ఖాళీ ఘనపరిమాణం ఎక్కువ పడుతోంది. అయితే వంపు తిరగడం వేరు, సున్నా కిందికి పోవడం వేరు. ముందు వంపు సంగతి చూద్దాం.

మీరు కొలిచేది అదనపు అధిశోషణం. అంటే రాయి ఉపరితలం అసలు ఆకర్షించకపోతే ఆ జాగాలో మామూలుగా ఉండే వాయువు కంటే ఎంత ఎక్కువ ఉందన్న లెక్క. పీడనం పెరిగేకొద్దీ బయటి వాయువు సాంద్రత పెరుగుతూనే ఉంటుంది. ఉపరితలం మీది పొర మాత్రం దాదాపు నిండిపోయి ఉంటుంది. రెండింటి తేడా ఒక దశ తర్వాత తగ్గడం సహజం. కాబట్టి గ్రాఫ్ ఒక గరిష్ఠానికి చేరి దిగడం తప్పు కాదు. ఆ దిగుడును దాచడానికి పాయింట్లు తీసేసేవాళ్లున్నారు, అది మాత్రం తప్పు.

రుణ సంఖ్య రావడం మాత్రం కొలతలో లోపమే. 100 గ్రాముల షేల్, సాంద్రత 2.6 అనుకుందాం. రాతి ఘనభాగం 38.5 సీసీ. 35 డిగ్రీలు, 10 మెగాపాస్కల్ దగ్గర మీథేన్ సాంద్రత ఘనమీటరుకు సుమారు 72 కిలోలు. అంటే ఒక్క సీసీ ఖాళీలో 0.072 గ్రాములు, అంటే 4.5 మిల్లీమోల్ మీథేన్ ఉంటుంది. మీ రాయి గ్రాముకు 0.1 మిల్లీమోల్ పట్టుకునే రకమైతే, మొత్తం రాయి మీద ఉన్నదే 10 మిల్లీమోల్. ఖాళీని ఒక్క సీసీ ఎక్కువ లెక్క వేస్తే సగానికి దగ్గరగా మాయం. రెండున్నర సీసీ ఎక్కువైతే సున్నా కిందికే. రాతి సాంద్రతలో ఒక్క శాతం తేడా 17 శాతం తప్పు తెస్తుంది. పుస్తకంలోంచి సాంద్రత తీసుకుని ఖాళీ లెక్క వేసినవాళ్లకు మీలాంటి గ్రాఫ్ రావచ్చు.

అందుకని ఖాళీని ప్రతి శాంపిల్‌కూ విడిగా, శాంపిల్ సెల్‌లో ఉండగానే, మీథేన్ కొలిచే ఉష్ణోగ్రత దగ్గరే హీలియంతో కొలవాలి. రెఫరెన్స్ సెల్‌లో (శాంపిల్ లేని, ఘనపరిమాణం తెలిసిన సెల్‌లో) ఒకటి రెండు మెగాపాస్కల్ హీలియం పట్టి, నిలకడకు వచ్చాక పీడనం రాసుకుని, మధ్య వాల్వు తెరిచి, మళ్లీ నిలిచాక రాసుకోండి. ఇలా కనీసం అయిదుసార్లు. ప్రతిసారీ వచ్చిన ఖాళీ ఘనపరిమాణం ఒకేలా ఉండాలి. పీడనంతో పాటు అది ఒకే దిక్కుకు జరుగుతూ ఉంటే లీకో, ఉష్ణోగ్రత తేడానో, పీడనం కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ సున్నా తప్పడమో ఉందని అనుమానించండి. రెఫరెన్స్ సెల్ ఘనపరిమాణాన్ని మాత్రం ఘనపరిమాణం తెలిసిన స్టీలు గోళీలు వేసి, తీసి, ఆ తేడాతో కట్టండి.

హీలియంతో ఒక చిక్కుంది. దాని వ్యాసం 0.26 నానోమీటర్లు, మీథేన్‌ది 0.38. మీథేన్ దూరలేని సందుల్లోకి కూడా హీలియం పోతుంది, ఆ జాగా కూడా ఖాళీ కింద లెక్కకొస్తుంది. బంకమట్టి, సేంద్రియ పదార్థం ఎక్కువున్న షేల్‌లో ఇది తప్పకుండా కొంత తగ్గుదల చూపిస్తుంది. దీన్ని సర్దుబాటు చేసి దాచకండి, రిపోర్టులో ఒక వాక్యం రాయండి.

వాయు సాంద్రత ఎలా లెక్క వేశారో చూడండి. ఆదర్శ వాయు సమీకరణం వాడితే పైన చెప్పిన స్థితిలో 72కు బదులు 63 వస్తుంది. ఇంత పెద్ద తేడాతో మిగతా జాగ్రత్తలన్నీ వృథా. మీథేన్‌కు 1991లో సెట్జ్‌మన్, వాగ్నర్ ఇచ్చిన స్థితి సమీకరణం, కార్బన్ డయాక్సైడ్‌కు 1996 నాటి స్పాన్, వాగ్నర్ సమీకరణం వాడండి.

ఏ లోపం ఏ దిక్కుకు లాగుతుందో తెలిస్తే వెతకడం తేలిక. శాంపిల్ సెల్‌లో లీకు ఉంటే వాయువు పోతుంది, పీడనం తగ్గుతుంది, లెక్కలో అది అధిశోషణంగా కనిపిస్తుంది. అప్పుడు గ్రాఫ్ ఆగకుండా పైకి పోతుంది, వాయువు పట్టి పీడనం పెంచే ఏ మెట్టు దగ్గరా పీడనం నిలవదు. మీది కిందికి పోయింది కాబట్టి మొదటి అనుమానితుడు లీకు కాదు. ఖాళీ ఎక్కువ కట్టడం మొదటిది. శాంపిల్ సెల్ నిజానికి మీరు రాసుకున్న దానికంటే వేడిగా ఉండటం రెండోది. సెల్‌లో ఖాళీ 60 సీసీ ఉంటే 10 మెగాపాస్కల్ దగ్గర అందులో 270 మిల్లీమోల్ మీథేన్ ఉంటుంది. ఒక డిగ్రీ తేడాకు సాంద్రత కనీసం 0.3 శాతం మారుతుంది, అది 0.8 మిల్లీమోల్. మీ పది మిల్లీమోల్‌లో 8 శాతం. థర్మోస్టాట్ బాత్‌ను 0.1 డిగ్రీలోపు నిలపాలి. సెల్‌లతో పాటు మధ్య వాల్వు, పైపులు కూడా బాత్‌లో మునగాలి. ఏసీ గాలి తగిలే పైపు ముక్క బయట ఉంటే, అది రోజంతా మీ అంకెల్ని అటూ ఇటూ జరుపుతుంది. కరెంటు పోయి బాత్ చల్లారితే ఆ మెట్టును కొనసాగించకండి, మొదటినుంచి చేయండి. ఈ పద్ధతిలో ప్రతి మెట్టు తప్పూ తర్వాతి మెట్టు మీద పేరుకుంటుంది. మెట్లు ఎనిమిది నుంచి పన్నెండు చాలు, ముప్పై పెడితే గ్రాఫ్ అందంగా ఉంటుందే గాని తప్పు పెరుగుతుంది.

శాంపిల్ పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. చాలామంది దాటేసేది ఇదే. సెల్‌లో రాయికి సమానమైన ఘనపరిమాణంలో స్టీలు గోళీలు వేసి, మీథేన్‌తో మొత్తం ప్రయోగం నడపండి. స్టీలు మీద అధిశోషణం లెక్కలోకి రానంత తక్కువ. గ్రాఫ్ సున్నా గీత మీదే నడవాలి. ఎక్కడ ఎంత తప్పుకుందో అదే మీ పరికరం లోపం, అంకెల్లో. ఆ గీత తెలియకుండా రాతి మీద వచ్చిన అంకెకు విలువ లేదని మా అభిప్రాయం.

మొత్తం పొర ఎంతన్న సంపూర్ణ అధిశోషణం కావాలంటే, అదనపు విలువను ఒకటిలోంచి బయటి సాంద్రతకూ పొర సాంద్రతకూ ఉన్న నిష్పత్తిని తీసేయగా వచ్చినదానితో భాగించాలి. పొర సాంద్రతను కొందరు ఘనమీటరుకు 373 కిలోలని, కొందరు మరుగు స్థానం దగ్గరి ద్రవ మీథేన్‌దైన 422 అని తీసుకుంటారు. 10 మెగాపాస్కల్ దగ్గర మొదటిది 24 శాతం, రెండోది 21 శాతం పెంచుతుంది. ఏది వాడారో రాయకుండా ఇచ్చిన సంఖ్యను ఇంకొకరి సంఖ్యతో పోల్చలేం. అందుకే అదనపు విలువల పట్టిక కూడా తప్పకుండా ఇవ్వండి.

చివరగా, గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ చేరితే పేలుతుంది. సెల్ ఖాళీ చేసే గొట్టాన్ని కిటికీ దాటించి పైకి పెట్టండి. లేత్ మీద చేయించుకున్న సెల్‌ను ముందు నీటితో, వాడబోయే పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి పరీక్షించాకే వాయువు పట్టండి.

ప్రశ్న: షేల్‌ను ఆరబెట్టి కొలవాలా, తడితోనే కొలవాలా? సముద్రతీరంలో ఉన్నాం, ఓవెన్‌లోంచి తీసిన పొడి తక్కెడ మీదే బరువు పెరుగుతోంది.
— ల్యాబ్ అసిస్టెంట్, శ్రీకాకుళం

జవాబు: తక్కెడ మీద పెరిగేది నీరే. ఓవెన్ నుంచి నేరుగా తక్కెడకు తేవద్దు. మూత ఉన్న తూకపు సీసాలోనే ఆరబెట్టి, మూత పెట్టి, డెసికేటర్లో చల్లార్చి, మూతతోనే తూచండి. డెసికేటర్లోని నీలి సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే అది పని మానేసినట్టే.

రెండు కొలతలూ కావాలి, ఎందుకంటే రెండు వేర్వేరు ప్రశ్నలకు అవి జవాబులు. ఆరిన రాయి మీద కొలిస్తే రాతికున్న గరిష్ఠ సామర్థ్యం తెలుస్తుంది. ఒక శాంపిల్‌ను ఇంకోదానితో పోల్చడానికి అదే సరి. భూమి లోపల రాయి మాత్రం అంత పొడిగా ఉండదు. బంకమట్టి రేకుల ఉపరితలం నీటినే ముందు కోరుకుంటుంది. మీథేన్‌కు అక్కడ మిగిలేది నీరు వదిలిన చోటే. అందువల్ల పొడి మాంట్‌మొరిల్లొనైట్ మీద ఘనంగా కనిపించిన మీథేన్, తేమ చేరాక బాగా పడిపోతుంది. సేంద్రియ పదార్థం మీద ఆ దెబ్బ అంతగా ఉండదు. పొడి అంకెతో నేలకింది నిల్వను అంచనా వేస్తే బంకమట్టి ఎక్కువున్న షేల్‌కు ఆశ మితిమీరుతుంది.

తడి కొలతకు పద్ధతి ఇదీ. పొటాషియం సల్ఫేట్ సంతృప్త ద్రావణం అడుగున ఉంచిన డెసికేటర్‌ను 30 డిగ్రీల దగ్గర పెడితే లోపల సాపేక్ష ఆర్ద్రత 97 శాతం దగ్గర నిలుస్తుంది. అడుగున కరగని పొడి ఎప్పుడూ కనబడుతూ ఉండాలి, లేకపోతే ద్రావణం సంతృప్తం కాదు. శాంపిల్‌ను పలుచగా పరిచి, బరువు నిలిచేదాకా రోజూ తూచండి. షేల్‌కు రోజులు పడుతుంది. ఆ తర్వాత చాలామంది చేసే పొరపాటు సెల్‌లో పెట్టి గంటలకొద్దీ వాక్యూమ్ లాగడం. ఎక్కించిన నీరంతా పంపులోకి పోతుంది. తడి శాంపిల్‌కు వాక్యూమ్ బదులు హీలియంతో కొద్దిసేపు తుడవండి. ప్రయోగం అయ్యాక మళ్లీ తూచి తేమ ఎంత మిగిలిందో రాయండి. ఖాళీ ఘనపరిమాణం కూడా తడి శాంపిల్‌కు మళ్లీ కట్టాలి, పొడిదానికి కట్టింది పనికిరాదు.

ఇక పొడి కొలతకు 105 నుంచి 110 డిగ్రీలు దాటకండి. ఎక్కువ వేడికి సేంద్రియ పదార్థం మారడం మొదలవుతుంది. అప్పుడు మీరు తెచ్చిన రాయి వేరు, కొలిచే రాయి వేరు.

ప్రశ్న: పశువుల ఆసుపత్రిలో వీర్యం స్ట్రాలు దాచే క్యాన్‌లోని లిక్విడ్ నైట్రోజన్‌ను బీఈటీ కొలతకు వాడుకోవచ్చా? మా కాలేజీకి వేరే సరఫరా లేదు.
— పలాస

జవాబు: ద్రవం అదే, వాడొచ్చు. ఆసుపత్రి అవసరానికి లోటు రాకుండా, వాళ్ల అనుమతితో తీసుకోండి. స్ట్రాలు ద్రవంలో మునిగి ఉండటం కొలత కంటే ముఖ్యం.

చూసుకోవాల్సింది ద్రవం వయసు. ఆక్సిజన్ 90 కెల్విన్ దగ్గరే ద్రవమవుతుంది, నైట్రోజన్ 77 దగ్గర. మూత తెరిచి ఉంచిన పాత్రలోకి గాలిలోని ఆక్సిజన్ దిగి కలిసిపోతూ ఉంటుంది, నైట్రోజన్ ఆవిరవుతూ ఉంటుంది. పాతబడ్డ ద్రవం నెమ్మదిగా వేడెక్కుతుంది. 0.1 డిగ్రీ పెరిగితే నైట్రోజన్ సంతృప్త పీడనం (వాయువు ద్రవంగా మారే పీడనం) 1.1 శాతం పెరుగుతుంది. సాపేక్ష పీడనం (సంతృప్త పీడనంలో ఎన్నో వంతు అన్నది) 0.95 దగ్గర ఆ ఒక్క శాతం పెద్ద రంధ్రాల లెక్కను తలకిందులు చేస్తుంది. ద్రవానికి లేత నీలి ఛాయ వస్తే పారబోయండి, నూనె, గుడ్డ, చెక్క దగ్గర మాత్రం కాదు. సంతృప్త పీడనాన్ని 760 మిల్లీమీటర్ల పాదరసం అని మిషనుకు టైపు చేసి వదిలేయకుండా, పక్కనే ఉండే ఖాళీ ట్యూబులో గంటకోసారి కొలిచే ఆప్షన్ ఆన్ చేయండి. మన తీరానికి ఇది మరీ అవసరం. బంగాళాఖాతంలో తుఫాను పట్టిన రోజున వాతావరణ పీడనమే రెండు మూడు శాతం పడిపోవచ్చు. పాత్రలోని ద్రవం మరుగు స్థానం దాని వెంటే నడుస్తుంది.

ద్రవం ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. కిటికీలు మూసిన చిన్న గదిలో, ఏసీ వేసుకుని, పెద్ద పాత్ర నింపకండి. ఊపిరి ఆడకపోతున్నట్టు ముందుగా తెలియదు, నేరుగా స్పృహ తప్పుతుంది. క్యాన్ మూత బిగుతుగా బిగించకూడదు. తడిసిన గ్లవ్స్ వేసుకోవడం కంటే తీసేయడం నయం.

ప్రశ్న: మా షేల్ శాంపిల్స్ అన్నిటికీ రంధ్రాల పరిమాణం 3.8 నానోమీటర్ల దగ్గర సూదిలాంటి శిఖరం వస్తోంది. ఇదే మా ప్రధాన ఫలితంగా రాయొచ్చా?
— విజయనగరం

జవాబు: రాయకండి. అది రాతి లక్షణం కాదు, నైట్రోజన్ లక్షణం. విశోషణ రేఖ (వాయువు వదిలేటప్పుడు వచ్చే రేఖ) మీద సాపేక్ష పీడనం 0.42 దగ్గరకు రాగానే రంధ్రాల్లోని ద్రవ నైట్రోజన్ ఇక నిలవలేక ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఏ రాయి అయినా, రేకుల మట్టి ఏదైనా, అక్కడే మెట్టు పడుతుంది. రంధ్రాల పరిమాణం కట్టే బీజేహెచ్ లెక్క ఆ మెట్టును నాలుగు నానోమీటర్ల దగ్గర శిఖరంగా మారుస్తుంది. అధిశోషణ రేఖతో అదే లెక్క వేయండి. శిఖరం మాయమైతే అది భ్రమే. రెండు నానోమీటర్ల లోపు సందులు కావాలంటే నైట్రోజన్ మీద ఆధారపడకుండా, సున్నా డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో విడిగా కొలిపించండి. ఆ వేడికి అణువులు ఇరుకు సందుల్లోకి చురుగ్గా చొరబడతాయి. మైనస్ 196 దగ్గర నైట్రోజన్ అక్కడికి చేరడానికే ఎన్నో గంటలు తీసుకుంటుంది.

ప్రశ్న: మా బొబ్బిలి చుట్టూ కొండలున్నాయి. బావి తవ్వితే పొరలు పొరలుగా రాయి పడింది. ఇందులో షేల్ గ్యాస్ ఉంటుందా? పరీక్షకు పంపమంటారా?
— రైతు, బొబ్బిలి మండలం

జవాబు: డబ్బు ఖర్చు పెట్టకండి. మీ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. కోందు గిరిజనుల పేరు మీద 1902లో ఆ పేరు పెట్టారు. పొరలు పొరలుగా కనిపించినా అది షేల్ కాదు. ఒకప్పుడు మాత్రం అది బంకమట్టి, బురద పేరుకున్న పొరే. తూర్పు కనుమలు ఏర్పడిన కాలంలో భూమి లోతుల్లో 800 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉడికింది. అప్పటి బంకమట్టే ఇప్పుడు మీకు రాతిలో ఎర్రగా కనిపించే గార్నెట్, తెల్లని పుల్లల్లాంటి సిల్లిమనైట్. అందులో ఉన్న సేంద్రియ పదార్థం వాయువుగా పోగా మిగిలింది నల్లగా, చేతికి మసిలా అంటే గ్రాఫైట్. వాయువును పట్టుకునే రేకులూ లేవు, పుట్టించే పదార్థమూ లేదు.

షేల్ వాయువు కోసం చూసేది ఉడకని అవక్షేప శిలలున్న చోట. మన రాష్ట్రంలో కృష్ణా గోదావరి బేసిన్‌లోని రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం షేల్ అలాంటివి. దేశంలో మొదట 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని దుర్గాపూర్ దగ్గర ఓఎన్‌జీసీ బావిలో షేల్ నుంచి వాయువు తగిలింది. మీ కొండవాలులో తెల్లమట్టి మందంగా పడితే దాన్ని మాత్రం పరీక్షించడం మంచిదే, వాయువు కోసం కాదు, కేయోలిన్ కోసం.

ప్రశ్న: శాంపిల్‌ను ఎంత సన్నగా నూరాలి? మా సార్ 200 మెష్ అంటారు, ఇంకొకరు 60 అంటారు.
— ఎంటెక్ విద్యార్థి, రాజాం

జవాబు: మీథేన్ కొలతకు 60 మెష్, అంటే 250 మైక్రాన్లు సరిపోతుంది. ఇంకా సన్నగా నూరితే వాయువు త్వరగా నిలకడకు వస్తుందన్నది నిజమే, కానీ మూసుకుని ఉన్న రంధ్రాలు తెరుచుకుంటాయి, రాతికి లేని ఉపరితలం పుడుతుంది. బాల్ మిల్లులో గంటలకొద్దీ తిప్పితే కేయోలినైట్ రేకులు నలిగి స్ఫటిక నిర్మాణమే పోతుంది. ఎక్స్‌రేలో 0.72 నానోమీటర్ల దగ్గరి శిఖరం పొట్టిగా, వెడల్పుగా మారితే ఆ పని జరిగిపోయిందని తెలుసుకోండి. రోట్లో పొడిచి, జల్లించి, జల్లెడ మీద మిగిలినదాన్నే మళ్లీ పొడవండి. కిందికి దిగినదాన్ని మళ్లీ నూరొద్దు. గట్టిగా మిగిలిన ముక్కల్ని పారేయకూడదు కూడా, అవి క్వార్ట్జో కార్బనేటో ఎక్కువున్న భాగం. పారేస్తే మిగిలిన పొడిలో బంకమట్టి వాటా పెరిగి, అధిశోషణం నిజానికంటే ఎక్కువ వస్తుంది.